ముందు ఆగాలి, ఆ తరవాతే పరుగు



1925లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టి కారు వెనక ఇనుప తొట్టి అమర్చి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచి పికప్‌గానే బయటికొచ్చిన మొదటి బండి అది. అప్పటినుంచి ఈ దేశంలో పొలానికి ఎరువులు మోసింది, ఇళ్లు కట్టే మేస్త్రీకి సిమెంటు మోసింది, ఆదివారం పూట కుటుంబాన్ని చర్చికి చేర్చింది పికప్పే. అందుకే పాత పికప్‌ను బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించాలన్న కోరిక అమెరికాలో ఇంత బలంగా ఉంటుంది. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లోనో, ఫ్రిస్కోలోనో, హ్యూస్టన్ శివార్లలోనో ఉంటూ నా మాటలు వింటున్న మన తెలుగువాళ్లలో కూడా ఆ కోరిక ఉన్నవాళ్లుంటారు. కొందరు ఇప్పటికే ఒక బండి కొని గరాజులో పెట్టుకునీ ఉంటారు.

అలాంటివాళ్లందరికీ మొదటిరోజే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. బండిలో చేయించాల్సిన పని కొండంత. చేతిలో ఉన్న డబ్బు తక్కువ, తీరిక ఇంకా తక్కువ. ఏది ముందు చేయించాలి, ఏది తరవాత? ఈరోజు నా ప్రసంగం ఈ వరుస గురించే.

మాట గాల్లో పోకుండా ఒక బండిని ముందు పెట్టుకుని మాట్లాడతాను. 1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవ్రొలె సి-10. ఇందులో 'సి' అంటే వెనక చక్రాలకు మాత్రమే ఇంజన్ బలం అందే బండి. నాలుగు చక్రాలకూ అందేదాన్ని 'కె' అన్నారు. 10 అంటే అర టన్ను తరగతి. పాత పికప్పులు బాగుచేసుకునేవాళ్లు దీన్ని ఇష్టపడడానికి కారణాలున్నాయి. బానెట్ ఎత్తితే మనిషి వంగి పనిచేయడానికి కావలసినంత చోటుంటుంది. విడిభాగాలు ఇప్పటికీ కొత్తగా తయారై దొరుకుతున్నాయి. చాలా పికప్పులకు వెనక కమాన్ కట్టలుంటే, దీనికి ఎక్కువగా కాయిల్ స్ప్రింగులు పెట్టారు. అందువల్ల నడక కాస్త కారు నడకలా ఉంటుంది. మీ దగ్గరున్నది ఫోర్డ్ అయినా, డాడ్జ్ అయినా నేను చెప్పే వరుస మాత్రం మారదు.

ఆ వరుస ఇది. మొదట బండి ఆగాలి. రెండు, మనం తిప్పిన వైపే తిరగాలి. మూడు, అంటుకోకూడదు. నాలుగు, మరిగిపోకూడదు. ఈ నాలుగూ కుదిరాకే గేర్లూ ఇంజను బలమూ. రంగు అన్నిటికన్నా చివర.

కానీ మనసు దీన్ని తలకిందులుగా కోరుకుంటుంది. మెరిసే రంగు ముందు కావాలంటుంది, గర్జించే ఇంజను ముందు కావాలంటుంది. ఆగడం ఎందుకు ముందో చెప్పడానికి బడిలో చదువుకున్న లెక్క ఒక్కటి చాలు. బండి వేగం రెట్టింపైతే అందులోని శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 35 మైళ్ల దగ్గర బ్రేకులు మింగాల్సిన వేడి కన్నా 70 మైళ్ల దగ్గర మింగాల్సింది నాలుగింతలు. యాభై ఏళ్ల నాటి బ్రేకుల మీద కొత్త ఇంజను పెట్టడమంటే ఆ నాలుగింతల భారాన్ని అరిగిన రబ్బరు మీదా, తుప్పు పట్టిన గొట్టం మీదా మోపడమే. ఆ బండి ముందు వెళ్లే కారులో ఎవరి పిల్లలో ఉంటారు. వాళ్లకు మన అభిరుచితో సంబంధం లేదు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2025 జనవరి 1 నుంచి ఇక్కడ వాణిజ్య వాహనాలు కాని బండ్లకు ఏటేటా చేసే భద్రతా తనిఖీని తీసేశారు. కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష మిగిలింది గానీ, పాతికేళ్లు దాటిన బండ్లకు అదీ ఉండదు. అంటే 1970 నాటి మీ పికప్ బ్రేకులు పనిచేస్తున్నాయా లేదా అని అడిగే అధికారి ఇక లేడు. ఆ పని పూర్తిగా మన భుజాల మీదికి వచ్చింది. నేనీ విషయం ఇంత పట్టుబట్టి చెప్పడానికి అదొక కారణం.

ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం. డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక రోజు బండి కింద గడపండి. సమతలంగా ఉన్న గచ్చు మీద బండిని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందికి దూరండి. ఒక్క జాకీని నమ్ముకుని ఎప్పుడూ దూరవద్దు. మొదట చూడాల్సింది ఛాసిస్. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే ఉత్తర రాష్ట్రాల నుంచి వచ్చిన బండైతే, క్యాబిన్‌ను ఛాసిస్‌కు బిగించే చోట్లూ, స్ప్రింగులు కూర్చునే చోట్లూ సుత్తితో తట్టి చూడండి. ఖంగుమని మోగితే ఇనుము ఉన్నట్టు. మొద్దుగా పలికినా, పెచ్చులు రాలినా అక్కడ తుప్పే మిగిలినట్టు. ఛాసిస్ పోయిన బండి మీద మిగతా ఏ పనీ నిలవదు కాబట్టి ఆ వెల్డింగు పని ముందు తేలాలి.

ఇక బ్రేకులు. కాసేపు ఇక్కడే ఆగుదాం, ఎందుకంటే చెప్పుకోవాల్సింది ఎక్కువగా ఇక్కడే ఉంది.

1967 మోడల్‌తో ఈ బండికి రెండు గదుల మాస్టర్ సిలిండర్ వచ్చింది. ఒక గది ముందు చక్రాలకు, ఒక గది వెనక చక్రాలకు. ఒక వైపు గొట్టం పగిలినా రెండో వైపు బ్రేకు మిగులుతుంది. అంతకుముందు వచ్చిన పికప్పుల్లో గది ఒక్కటే. ఎక్కడ ఆయిల్ కారినా పెడల్ నేలకు ఆనిపోతుంది, నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. మీ బండి 1966ది గానీ ఇంకా పాతది గానీ అయితే మొదటి అప్‌గ్రేడ్ ఏమిటని ఆలోచించాల్సిన పనే లేదు. రెండు గదుల మాస్టర్ సిలిండరే.

ఆ తరవాత రబ్బరు హోసులు. పైకి నిగనిగలాడుతున్నా పాత హోసు లోపల ఉబ్బి, దారి మూసుకుపోతుంది. పెడల్ బలంగా తొక్కితే ఆయిల్ ముందుకు వెళ్తుంది గానీ కాలు తీశాక వెనక్కి రాదు. చక్రం పట్టేసినట్టే ఉండి డ్రమ్ము కాలిపోతుంది. వయసు తెలియని హోసును పరీక్ష చేస్తూ కూర్చోవద్దు, మార్చేయండి. ఇనుప బ్రేకు గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి. ఎందుకంటే మామూలుగా వాడే డాట్ 3 బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డబ్బాలోని డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. కొండ రోడ్డు దిగుతూ బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ స్పాంజిలా నొక్కుకుపోతుంది. అందుకని గొట్టాలు మార్చేటప్పుడు రాగి, నికెల్ కలిసిన లోహపు గొట్టాలు వాడండి. అవి తుప్పు పట్టవు, సులువుగా వంగుతాయి. వట్టి రాగి గొట్టం మాత్రం బ్రేకులకు పనికిరాదు. గొట్టం అంచును రెండు మడతలుగా ఫ్లేర్ చేయాలి. ఒంటి మడత ఒత్తిడికి చీలుతుంది.

డ్రమ్ములు విప్పేటప్పుడు ఒక హెచ్చరిక. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ములో పేరుకున్న ధూళిని గాలి పైపుతో ఊదితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జబ్బు ఎన్నో ఏళ్ల తరవాత బయటపడుతుంది. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. గరాజులో పిల్లలుంటే ఆ పూట బయటికి పంపండి.

డిస్క్ బ్రేకుల సంగతి చాలామంది అడుగుతారు. 1970 దాకా సి-10కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. 1971 నుంచి ముందు చక్రాలకు కంపెనీయే డిస్కులు ఇచ్చింది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనర్లకు దూరంగా జరుగుతుంది. పెడల్ ఇంకా లోతుగా తొక్కాల్సి వస్తుంది. నీళ్లలోంచి దాటితే కాసేపు పట్టు ఉండదు. డిస్కు బయటి గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది, త్వరగా ఆరుతుంది. హైవే మీద నడపబోయే బండికి ముందు డిస్కులు వేయించడం డబ్బుకు తగిన అప్‌గ్రేడ్ అని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే సగం సగం చేయించకండి. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌లో గొట్టంలో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. డ్రమ్ముకు అది అవసరం. డిస్కుకు అదే ఉంటే ప్యాడు డిస్కును ఒరుసుకుంటూనే ఉంటుంది. కాబట్టి మాస్టర్ సిలిండర్, ముందు వెనక ఒత్తిడి పంచే వాల్వు, డిస్కులు, ఇవన్నీ ఒకదానికొకటి సరిపోయే సెట్టుగా ఉండాలి. సి-10కు 1970 దాకా చక్రానికి ఆరు బోల్టులు, 1971 నుంచి అయిదు. డిస్కులు మారిస్తే రిమ్ములు కూడా మారాల్సి రావచ్చు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

పికప్‌కు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద బరువు చాలా తక్కువ. వెనక బ్రేకులు కాస్త ఎక్కువ పట్టాయంటే, తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి తోక తిప్పేస్తుంది. అందుకే బ్రేకు పని పూర్తయ్యాక ఎవరూ లేని ఖాళీ చోట, తక్కువ వేగంలో, తొట్టి ఖాళీగా ఒకసారి, బరువు వేసి ఒకసారి ఆపి చూడాలి. ముందు చక్రాలే ముందు పట్టాలి. హ్యాండ్ బ్రేకు కూడా ఇదే రోజు సరిచేసుకోండి.

రెండోది, తిరగడం. ఇది టైర్ల దగ్గర మొదలవుతుంది. టైరు పక్క గోడ మీద డాట్ అనే గుర్తు తరవాత వచ్చే సంఖ్యలో చివరి నాలుగంకెలు చూడండి. 2000 నుంచి తయారైన టైర్లకు అందులో మొదటి రెండంకెలు ఆ ఏటి వారాన్ని, తరవాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం. గరాజులో నిలబడిన బండి టైరుకు గాట్లు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ముసలిదైపోయి ఉంటుంది. పదేళ్లు దాటిన టైరు ఎంత అందంగా ఉన్నా తీసేయండి.

ఆ తరవాత స్టీరింగు. స్టీరింగ్ చక్రాన్ని ఒకరు కొంచెం అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి చూడాలి. కాలమ్ చివర ఉండే రబ్బరు కప్లింగు, స్టీరింగ్ బాక్సు, పిట్‌మన్ ఆర్ము, ఐడ్లర్ ఆర్ము, టైరాడ్ చివరలు, బాల్ జాయింట్లు. ఈ వరుసలో ఎక్కడ ప్లే, అంటే వదులు, ఉందో కంటికే కనిపిస్తుంది. దొరికిన ప్లేను బాక్సు మీది స్క్రూ బిగించి దాచేయడం చాలాచోట్ల చూస్తాం. అలా చేస్తే స్టీరింగు నేరుగా ఉన్నప్పుడు బిగుసుకుని, మలుపు తరవాత తనంతట తాను వెనక్కి రాదు. అరిగిన జాయింటును మార్చడమే దారి.

ఇక్కడే నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట. అప్‌గ్రేడ్ కన్నా ముందు మరమ్మతు. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా నడిచిందో ముందు ఆ స్థితికి తీసుకురండి. ఆ తరవాత కొన్నాళ్లు నడపండి. ఏ లోటు నిజంగా బండిదో, ఏది అరుగుదల వల్ల వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. స్టీరింగు బరువుగా ఉందని పవర్ స్టీరింగ్ కొనేవాళ్లున్నారు. బాల్ జాయింట్లకు గ్రీజు పట్టించి, టైర్లలో గాలి సరిచేసి, అలైన్‌మెంట్ చేయిస్తే సగం బరువు దిగిపోతుంది. అప్పటికీ కావాలనిపిస్తే పవర్ స్టీరింగ్ పెట్టించుకోండి, మంచిదే. ఆ బరువు దేనివల్లో తెలుసుకున్నాకే కొనండి.

సి-10 వెనక ఇరుసును రెండు పొడవాటి ఆర్ములూ, అడ్డంగా ఒక రాడ్డూ పట్టుకుని ఉంటాయి. వాటి బుష్‌లు పోతే హైవే మీద గాలి తగిలినప్పుడల్లా బండి వెనక భాగం విడిగా నడుస్తున్నట్టనిపిస్తుంది. ముందు భాగంలో తప్పు వెతికి వెతికి అలసిపోయేకన్నా ఆ బుష్‌లు మొదట చూడండి. ఖరీదు తక్కువ, ఫలితం ఎక్కువ.

సీటు బెల్టుల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మూడు చోట్ల బిగించే బెల్టును వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. 1959లో వోల్వో కార్లలో అది వచ్చింది. ఈ పికప్పుల్లో ఎక్కువగా ఉండేవి మాత్రం నడుం బెల్టులే. భుజం మీదుగా వచ్చే బెల్టు పెట్టించుకోండి. దాని బోల్టు పలచటి రేకుకు కాకుండా, వెనక మందపాటి ఇనుప పలక వేసిన చోట బిగించాలి. బెల్టు లేని సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టి ఊరంతా తిప్పడం ముచ్చటగా అనిపించినా చేయవద్దు.

మూడోది, నిప్పు. ఈ తరం షెవ్రొలె పికప్పుల్లో పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనకే ఉండేది. 1973లో వచ్చిన కొత్త నమూనాతో కంపెనీ దాన్ని క్యాబిన్ బయటికి మార్చింది. అంటే పాత సి-10 నడిపే మనిషి వీపు వెనకే పెట్రోలు ఉంటుంది. ట్యాంకు నింపే గొట్టానికీ, గాలి బయటికిపోయే గొట్టానికీ ఉన్న రబ్బరు ఎండిపోతే క్యాబిన్‌లో పెట్రోలు వాసన వస్తుంది. 'పాత బండి కదా, వాసన ఉంటుందిలే' అని ఊరుకోకండి. వాసన వస్తోందంటే ఎక్కడో ఆవిరి బయటికి వస్తోందని అర్థం. ఆ రబ్బరంతా మార్చాలి. ట్యాంకును తొట్టి కిందికి మార్చే కిట్లు దొరుకుతాయి. పనితనం నమ్మదగిందైతే అది మంచి అప్‌గ్రేడే.

ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులను అది మెత్తబరిచి పగలగొడుతుంది. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న ప్రతి రబ్బరు ముక్కనూ ఇథనాల్‌కు తట్టుకునే కొత్త పైపుతో మార్చండి. తరవాత ఎప్పుడైనా ఇంజెక్షన్ పెడితే పైపులు మళ్లీ మార్చాల్సిందే. కార్బొరేటర్ పంపు ఒత్తిడి పది పీఎస్‌ఐ కూడా దాటదు. ఇప్పుడు దొరికే చాలా ఇంజెక్షన్ కిట్లకు యాభై దాటి కావాలి. రెండింటికీ ఒకే పైపు పనికిరాదు.

నిప్పుకు రెండో దారి వైరింగు. యాభై ఏళ్ల వైరు వంచితే పైతొడుగు పెళుసుగా విరుగుతుంది. మధ్యలో ఎంతమంది ఎన్ని రేడియోలు, ఎన్ని హారన్లు తగిలించి టేపు చుట్టారో లెక్క తెలియదు. ఫ్యూజు లేని వైరు ఒక్కటి కనిపించినా వైర్ల హార్నెస్ మొత్తం మార్చే ఆలోచన చేయండి. అంత డబ్బు ఇప్పుడు లేదంటే ముందు ఎర్తులు శుభ్రం చేయండి. బ్యాటరీ నుంచి ఇంజనుకు, ఇంజను నుంచి బాడీకి, బాడీ నుంచి ఛాసిస్‌కు వెళ్లే తీగలు తుప్పు లేకుండా బిగిసి ఉంటే సగం కరెంటు జబ్బులు పోతాయి. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లకు రిలేలు పెడితే కరెంటు భారమంతా పాత స్విచ్చు మీద పడదు, వెలుగూ పెరుగుతుంది. తక్కువ ఖర్చుతో రాత్రి ప్రయాణాన్ని భద్రం చేసే పని ఇది.

నాలుగోది, వేడి. టెక్సాస్ ఎండాకాలంలో డాలస్ ట్రాఫిక్‌లో నిలబడ్డ బండికి ఇదే అసలు పరీక్ష. రేడియేటర్‌ను కడిగించడం, హోసులు, బెల్టు, నీటి పంపు, థర్మోస్టాట్ మార్చడం, ఇవన్నీ ఒకేసారి చేయించండి. రేడియేటర్ మూతను చిన్నచూపు చూడకండి. 15 పీఎస్‌ఐ ఒత్తిడి నిలబెట్టే మూత, లోపలి నీరు మరిగే ఉష్ణోగ్రతను సుమారు 25 డిగ్రీల సెల్సియస్ పెంచుతుంది. మూత స్ప్రింగు పోతే ఆ రక్షణంతా పోయినట్టే. ఫ్యాను చుట్టూ ఉండే గూడును ఎవరో ఎప్పుడో తీసి పారేసి ఉంటే తెచ్చి పెట్టండి. అది లేకపోతే ఫ్యాను రేడియేటర్‌లోంచి గాలిని లాగడం మానేసి, అక్కడక్కడే ఉన్న వేడిగాలిని తిప్పుతుంది. ఇంత చేశాక కూడా వేడెక్కితే అప్పుడు పెద్ద రేడియేటర్ గురించి ఆలోచించవచ్చు.

ఇంతవరకూ వచ్చారంటే మీ దగ్గర నమ్మదగ్గ బండి ఉన్నట్టే. ఇక గేర్ల సంగతి. ఇంజను మార్చేకన్నా ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్సు ముందు పెట్టించడం మంచిదని నా అభిప్రాయం. లెక్క వినండి. వెనక ఇరుసు నిష్పత్తి 3.73, టైరు ఎత్తు 28 అంగుళాలు అనుకుందాం. పాత మూడు గేర్ల బండి గంటకు 65 మైళ్ల వేగంలో వెళ్తుంటే ఇంజను నిమిషానికి సుమారు 2,900 సార్లు తిరుగుతుంది. చివరి గేరు 0.70 ఉన్న గేర్‌బాక్సు పెడితే అదే వేగానికి సుమారు 2,030 సార్లు చాలు. జనరల్ మోటార్స్ 1982లో తెచ్చిన 700ఆర్4 అలాంటిదే. మోత తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది, వేడి తగ్గుతుంది, ఉన్న ఇంజను ఎక్కువ కాలం బతుకుతుంది. బండి మీద ఖర్చు పెట్టిన డబ్బు రోజూ చెవికి తెలిసే అప్‌గ్రేడ్ ఇది.

ఆఖరికి ఇంజను. విప్పేముందు కొలవండి. అన్ని సిలిండర్ల కంప్రెషన్ చూడండి. అన్నిటికన్నా తక్కువ ఉన్నది, ఎక్కువ ఉన్నదానిలో ముప్పావు వంతుకు తగ్గకపోతే, వేడెక్కాక కూడా ఆయిల్ ప్రెషర్ నిలబడితే, ఆ ఇంజనుకు ఇంకా బోరు పని అవసరం లేదు. ప్లగ్గులు, పాయింట్లు, టైమింగు, కార్బొరేటర్ సరిచేస్తే చాలాసార్లు పోయిందనుకున్న బలం తిరిగొస్తుంది. ఆ కాలపు ఇంజన్లలో క్యామ్ షాఫ్టు మీద వాల్వు లిఫ్టర్లు ఒరుసుకుంటూ తిరుగుతాయి. అందుకని జింకు, ఫాస్ఫరస్ తగినంత ఉన్న ఆయిలే పోయాలి. ఇప్పటి కార్ల కోసం చేసే చాలా ఆయిళ్లలో అవి తగ్గించారు.

బలం అంకెలు పోల్చుకునేటప్పుడు ఒకటి గమనించండి. 1971 దాకా అమెరికా కంపెనీలు చాటిన హార్స్‌పవర్, సైలెన్సర్ లాంటి భారాలేవీ తగిలించకుండా ఇంజన్ను విడిగా కొలిచింది. 1972 మోడల్ నుంచి బండిలో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలిచారు. కాబట్టి కాగితం మీద 1972 ఇంజను బలహీనంగా కనిపించినంత మాత్రాన ఇంజను అంతగా మారిపోయిందని కాదు.

1999 నుంచి షెవ్రొలె పికప్పుల్లో వచ్చిన ఎల్ఎస్ జాతి ఇంజన్లను పాత సి-10లో పెట్టడం ఇప్పుడు బాగా నడుస్తోంది. మంచి ఇంజన్లవి, కాదనను. కానీ ఆ ఒక్క ఇంజను వెంట ఇంజెక్షన్ పంపు, కొత్త పెట్రోలు పైపులు, కంప్యూటరు, దాని వైరింగు, రేడియేటర్, సైలెన్సర్ గొట్టాలు, కొన్నిసార్లు డ్రైవ్ షాఫ్టు కూడా వస్తాయి. ఆ పని మధ్యలో డబ్బు అయిపోతే బండి ముక్కలుగా మిగులుతుంది. ముక్కలుగా అమ్మకానికి వచ్చే బండ్లలో చాలావాటి కథ ఇదే. అందుకే నా సలహా, ఒకసారికి ఒక్క వ్యవస్థనే విప్పండి. బ్రేకులు పూర్తిచేసి రోడ్డెక్కించండి. స్టీరింగు పూర్తిచేసి మళ్లీ రోడ్డెక్కించండి. బండి నడుస్తున్నంతకాలం మీ ఉత్సాహం నడుస్తుంది, ఇంట్లోవాళ్ల సహనం కూడా.

రంగు చివరికి ఎందుకంటే, ముందే వేయిస్తే ఆ తరవాత చేసే ప్రతి పనిలోనూ దానికి గీత పడుతుంది. రేకు తుప్పు పెరగకుండా ప్రైమరు కొట్టి ఉంచండి, అప్పటికది చాలు.

ఇంటర్నెట్టులో ఆంధ్రాలోనో, తెలంగాణలోనో ఈ ప్రసంగం వింటున్నవాళ్లకు ఒక మాట. మీ నాన్నగారు వాడిన మహీంద్రా జీపుకైనా, పాత టాటా పికప్‌కైనా వరుస ఇదే. కానీ ఇండియాలో చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టం చేసింది. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకునేందుకు 2021లో కేంద్రం నియమాలు తెచ్చింది. అక్కడా బండి అసలు రూపంలో ఉండడమే ముఖ్యం. కాబట్టి బ్రేకులు, స్టీరింగు, వైరింగు, రేడియేటర్ అసలు స్థితికి తెచ్చుకోవడం మీద మనసు పెట్టండి. ఇంజను మార్చాలన్న ఆలోచన ఉంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మేస్త్రీలకు లోటు లేదు. వాళ్లకు ఏ పని ముందు చేయాలో చెప్పాల్సింది మాత్రం మీరే.

శ్రోతలారా, పాత బండిని బతికించడం మంచి పని. ఒక తరం చేతిపనిని తరవాతి తరానికి అందించే పని. ఆ బండి ఎంత వేగంగా వెళ్లగలదో అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. ఎంత దూరంలో ఆగగలదో మీరు అడగండి. మీ గరాజులో పికప్ ఉంటే ఈ శనివారం ఇంకేదీ కొనకండి. నాలుగు చక్రాలూ విప్పి, బ్రేకు హోసులూ గొట్టాలూ మీ కళ్లతో మీరే చూడండి. వాటిలో ఒక్కటి అనుమానంగా ఉన్నా, అది మారేదాకా ఆ బండి తాళంచెవి ఎవరికీ ఇవ్వకండి.